గొర్రెలు పడుకున్న ఇల్లు

రుక్కమ్మ పోట్లాడగా నేను చూసింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ గెలిచింది. గెలిచింది మనిషి మీద కూడా కాదు, మోటరు కారు మీద.

నయాపైసలు వచ్చిన ఏడు అది. ఎండాకాలం. తాండూరులో కాగ్నా ఒడ్డున బండ్లరేవు అని ఒక వాడ ఉంది. కొడంగల్ వైపు నుంచి కందులు, జొన్నలు వేసుకొచ్చే ఎడ్లబండ్లు నీళ్ళు పలచబడిన చోట ఏరు దాటి అక్కడ గట్టెక్కేవి. గట్టెక్కే దారికి రెండు పక్కలా బంగ్లాల గోడలు. ఒక బండి పోతుంటే ఎదురొచ్చే బండి ఆగవలసిందే. నేను రేవులో బట్టలు ఉతుకుతున్నాను. అవతలి ఒడ్డు నుంచి అరవై డెబ్బై గొర్రెలను తోలుకుని ఒక ఆడమనిషి ఏరు దాటి దారెక్కింది. సరిగ్గా అప్పుడే పైనుంచి పప్పుమిల్లు సావుకారు వాళ్ళ నల్ల మోటరు దిగింది. వెనక సీట్లో సావుకారమ్మ సుమిత్రమ్మ. ఏటి అవతల వాళ్ళ తోటకు పోతోంది.

డ్రైవరు హారను మోగించాడు. గొర్రెలు తలలెత్తి చూశాయి, మళ్ళీ నడిచాయి. మోటరు ముందు వచ్చి నిలబడ్డాయి.

"ఏయ్! గొర్లను ఎనకకు మలుపు. సావుకారమ్మ మోటరు కనవడ్తలేదా?"

"కనవడ్తున్నది బిడ్డా. నల్లగ నిగనిగలాడుతున్నది. నువ్వే ఎనకకు పో."

"గొర్ల కోసం మోటరు ఎనకకు పోవాల్నా?"

"నీ మోటరుకు ఎనకకు పోయే ఇకమతు పెట్టిండ్రు గద. నా గొర్లకు దేవుడు పెట్టలె." ఆమె కర్రకు గడ్డం ఆనించి నిలబడింది. "ఎనకకు పోయే పొట్టేలు ఒకటున్నది గని, అది ఎనకకు పోయేది ముందలకొచ్చి గుద్దెటందుకే."

అబద్ధం చెప్పలేదు. ముందున్న కొమ్ముల పొట్టేలు మోటరు దీపాన్ని చూస్తూ ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకో అడుగు వేసింది. రేవులో ఉన్న ఆడవాళ్ళమంతా బట్టలు ఉతకడం ఆపాము.

"వెనక్కి తియ్యి," అంది సుమిత్రమ్మ లోపలినుంచి. "లాంతరు పగిలితే హైదరాబాదు పోవాలె."

మోటరు ఆ ఇరుకు దారంతా మూలుగుతూ వెనక్కి పోయింది. గొర్రెలు పెళ్ళివారిలా తీరిగ్గా ఎక్కాయి. ఆడమనిషి మోటరు పక్కనుంచి పోతూ లోపలికి వంగి "సల్లగుండు తల్లీ," అని దీవించింది కూడా. ఆ దీవెనలో ఎగతాళి లేదు. అది నాకు తర్వాత తెలిసింది. అప్పుడైతే కడుపుబ్బ నవ్వాను.

ఆమే రుక్కమ్మ. ఆ రోజు గొర్రెలను గట్టు మీద నిలిపి నా దగ్గరకు వచ్చి, "చెల్లే, ఈడ ఇండ్లు అమ్ముతరా?" అని అడిగింది.

నేను రాహేలమ్మను. మా ఆయన నర్సప్ప తాండూరు గూడ్స్‌షెడ్డులో హమాలీ మేస్త్రీ. నేను వికారాబాదు మిషను బడిలో మూడో తరగతి దాకా చదివినదాన్ని. ఆ రోజుల్లో బండ్లరేవు మొత్తం మీద సంతకం చేయగల ఆడది నేనొక్కతెనే. గొప్పకు చెప్పడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. అటువంటి నన్ను గొర్రెల వాసన కొట్టే ఒక మనిషి "చెల్లే" అని పిలవడం నాకు నచ్చలేదు. అయినా ఇల్లు కొంటానన్న మనిషిని ఊరకే పంపరాదు కదా. "కూసో," అన్నాను.

రుక్కమ్మది బొంరాస్‌పేట వైపు ఒక పల్లె. కురుమవాళ్ళు. భర్త బీరప్ప. పిల్లలు పుట్టారు గాని నిలవలేదు. పోలీసు యాక్షను ఏడు, ఊళ్ళన్నీ అల్లకల్లోలంగా ఉన్నప్పుడు, వీళ్ళు మందతో కర్ణాటకం వైపు ఉన్నారట. తిరిగి వచ్చేసరికి గుడిసె లేదు. ఎవరు కాల్చారని అడిగితే ఒకరు ఒక పేరు చెప్పారు, ఇంకొకరు ఇంకో పేరు చెప్పారు. బీరప్ప ఆ బూడిద చూసి, "మనకు ఇల్లెందుకే, గొంగడున్నది," అన్నాడట. తొమ్మిదేళ్ళు వాళ్ళకు గోడ అన్నది లేదు. ఎవరి పొలంలో ఎరువుకు మంద పెడితే ఆ పొలంలోనే తడకల పక్కన పడక.

తొమ్మిదో ఏడు బీరప్పకు దగ్గులో రక్తం పడింది. అనంతగిరి గుట్ట మీది దవాఖానలో చేర్చారు. మందు పని చేస్తోందని, ఏడాదిలో ఇంటికి పంపుతామని డాక్టరు చెప్పాడట. పంపేముందు ఒక మాట అడిగాడట, "ఇల్లు ఉన్నదా?" అని. ఉన్నది గొంగడి అని చెబితే ఆయన తల అడ్డంగా ఊపాడు. తడి నేల మీద మళ్ళీ పడుకుంటే ఇన్ని మందులూ దండగ. పొడి నేల కావాలి, నెత్తిన కప్పు కావాలి, నెలకోసారి దవాఖానకు రావడానికి రైలు దగ్గరగా ఉండాలి.

ఈ మూడూ దొరికే చోటు, చేతిలో ఉన్న డబ్బుకు దొరికే చోటు, తాండూరు మొత్తంలో మా బండ్లరేవు ఒక్కటే.

మా వాడ సంగతి చెప్పాలి. మూడు పక్కలా సావుకార్ల బంగ్లాలు, నాలుగో పక్క ఏరు. పప్పుమిల్లుల వాళ్ళు, బండల గనుల వాళ్ళు ఎత్తయిన గోడలు కట్టుకుని, గోడల మీద కాగితంపూలు పాకించుకుని ఉండేవారు. వాళ్ళ నడుమ మావి ఇరవై, ఇరవై రెండు ఇళ్ళు. గోడలు బండలు, కప్పు బండలు, నేల బండలు. తాండూరులో బండలకు మాత్రం కరువు లేదు. స్టేషను అయిదు నిమిషాలు, మార్కెట్టు పది నిమిషాలు. ఇంత మంచి చోట ఇల్లు అంత తక్కువకు ఎందుకు దొరికేదంటే, ఎడ్ల పేడ ఒకటి, బండ్ల రొద ఒకటి. మూడోది వాన. బంగ్లాల మీద కురిసిన వాన కూడా గోడల కింది తూముల్లోంచి మా గేరి సందులోకే పారేది. సావుకార్లు మాతో పంచుకున్నది అదొక్కటే.

అప్పుడు రెండిళ్ళు అమ్మకానికి ఉన్నాయి. రెండూ హనుమంతువే. హనుమంతు బండి తోలేవాడు. లారీలు వచ్చాక బండ్ల పని పలచబడింది. వికారాబాదు స్టేషనులో అల్లుడికి చాయ దుకాణం ఉందని అక్కడికి పోదామనుకుంటున్నాడు. ఒకే గోడకు అటొకటి, ఇటొకటి ఇళ్ళు. ఒకటి తాను కొత్తగా కట్టింది. నేలంతా నున్నగా చెక్కిన నీలం బండలు, గోడలకు తెల్ల సున్నం. రెండోది వాళ్ళ నాయన కట్టింది. నేల ఎగుడు దిగుడు, కప్పుకు అంగుళం మందం మసి. హనుమంతు అందులో ఎడ్లను కట్టేసేవాడు.

రుక్కమ్మ వానాకాలం దాకా ఆగింది. శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టాక వచ్చింది.

"కొత్తది సూడు రుక్కమ్మ," అన్నాడు హనుమంతు. "బండలు అద్దం తీర్గున్నయి. మొఖం సూస్కోవచ్చు."

"మొఖం సూస్కునెటందుకు ఇల్లెందుకన్నా, ఏరు లేదా? రేపు గొర్లను తోల్కొస్త."

"గొర్లెందుకు?"

"ఇల్లు సూసెటందుకు."

మర్నాడు వాడంతా పని మానుకుని వచ్చింది. నేను కూడా పోయాను. చూడడానికి కాదు, బుద్ధి చెప్పడానికి. రుక్కమ్మ అయిదు గొర్రెలను తెచ్చింది. అందులో మెడకు గంట కట్టిన ముసలి గొర్రె ఒకటి. వాటిని కొత్త ఇంట్లోకి తోలి గడపలో కూర్చుంది. ఏమీ చేయలేదు. గొర్రెలు నిలబడ్డాయి. ముసలిది బండను వాసన చూసింది, ఒక కాలు ఎత్తింది, దించింది, ఇంకో కాలు ఎత్తింది. మిల్లు మధ్యాహ్నం కూత వేసింది. అయిదూ అట్లాగే నిలబడి ఉన్నాయి, రైలు కోసం నిలబడ్డట్టు. నేను వంగి బండ మీద చెయ్యి పెట్టి చూశాను. పొడిగానే ఉంది.

"పొడిగనే ఉన్నది గదనే," అన్నాను.

"నీ సేతికి చెల్లే. దాని ముక్కుకు గాదు."

తర్వాత పాత ఇంట్లోకి తోలింది. ఎడ్ల వాసన, చీకటి. ముసలి గొర్రె లోపలంతా ఒక చుట్టు తిరిగి, పొయ్యికి ఎడమ పక్కన ముందు మోకాళ్ళు వంచింది. నిట్టూర్చి పడుకుంది. నెమరు మొదలుపెట్టింది. మిగిలినవి దాని చుట్టూ పడుకున్నాయి.

"గిదే," అంది రుక్కమ్మ.

నేను ఊరుకుంటానా? "గొర్లు మెచ్చిన ఇల్లు మనుషులకు ఎట్లయితదే?" అన్నాను.

"గొర్లు మెచ్చని జాగలల్ల పండే గద మావోడు దగ్గవట్టె."

అందరూ నవ్వారు. తర్వాత చెప్పింది నాకు. తొమ్మిదేళ్ళుగా ప్రతి సాయంత్రం చేసిన పనే అది. పొలంలో ఏ మూల మంద పెట్టాలో గంట గొర్రె చెప్పాలి. నేల కింద చెమ్మ ఉంటే గొర్రె పడుకోదు, పడుకుంటే గిట్టలు కుళ్ళుతాయని దానికి తెలుసు. గొర్రెలను పొడి మూలన పడుకోబెట్టి, మిగిలిన చోట వీళ్ళు పడుకునేవారు. "గొర్లు పోతే బతుకు పోతదని గట్ల చేసినం. మనిషి పోతడని యాదికి లేకపాయె," అంది.

ఇక బేరం. మా వైపు పశువుల సంతలో బేరం నోటితో చేయరు. గొంగడి కప్పి దాని కింద చేతులు కలుపుతారు. వేళ్ళు పట్టుకుని ఒత్తితే ధర. బయటి వాళ్ళకు వినిపించదు, కనిపించదు. ఆ ధర ఆ ఇద్దరూ చచ్చేదాకా మూడో మనిషికి చెప్పరాదు. రుక్కమ్మ, హనుమంతు ఇద్దరూ సంతల్లో పెరిగినవాళ్ళే. పాత ఇంటి గడప మీద ఎదురెదురుగా కూర్చుని గొంగడి కప్పుకున్నారు. హనుమంతు కనుబొమలు పైకి పోయాయి, కిందికి వచ్చాయి. రుక్కమ్మ ముఖం మాత్రం బండే. కొంచెంసేపటికి ఇద్దరూ తలలూపారు. కొడంగల్ సంతలో సగం మందను అమ్మి తెచ్చిన డబ్బు ఆ గొంగడి కిందనే చేతులు మారింది.

రుక్కమ్మ తన మందకు వేసే ఎర్రమన్ను కలిపి, గొర్రెల వీపు మీద వేసినట్టే గుండ్రటి ముద్ర ఒకటి తలుపు చెక్క మీద వేసింది. "ఇగ నాదే," అంది.

గొర్రెను కొంటే అంతే కదా. ముద్ర వేస్తే అయిపోయింది. ఇంటికి కాగితం కావాలని ఆమెకు తట్టలేదు. హనుమంతుకు తట్టలేదు. మూడు తరగతులు చదివిన నాకు తట్టవలసింది. నేను ఆ ముద్ర చూసి నవ్వుతూ నిలబడ్డాను. ఆ తప్పులో నాకూ పాలుంది.

కార్తికం పోయాక పంటలు కోసిన పొలాల్లో మంద పెట్టే రోజులు. మిగిలిన సగం మందే వాళ్ళ బతుకు. రుక్కమ్మ మరిది భీమప్పను తోడు తీసుకుని నవాబుపేట వైపు పోయింది. బీరప్పను ఉగాది తర్వాత పంపుతామన్నారు. అప్పటికి వస్తానంది. ఇంటికి తాళం కూడా వేయలేదు. లోపల ఏముందని?

మాఘంలో హనుమంతు ఎడ్లను అమ్ముకుని వికారాబాదు పోయాడు. ఫాల్గుణంలో ఒకరోజు సుమిత్రమ్మ మనుషులు వచ్చారు. కొత్త ఇంట్లో కందిపప్పు బస్తాలు దించారు. పాత ఇంట్లో సున్నం బస్తాలు, టేకు చెక్కలు. మోటరుకు షెడ్డు కడతారట అక్కడ. తలుపులకు సున్నం కొట్టి, ఇంత పెద్ద తాళం వేశారు.

"ఇదేందయ్యా, రుక్కమ్మ ఇల్లు," అన్నాను.

"హనుమంతు ఇల్లు కొన్నది మా అమ్మ. రెండు కలిపి," అన్నాడు తాళం వేసినవాడు.

రుక్కమ్మ ఎక్కడుందో నాకు తెలియదు. మందకు చిరునామా ఉండదు కదా. బీరప్పను పంపే రోజుకు నాలుగు రోజులు ముందు తానే వచ్చింది. తాళం చూసింది. సున్నం కింద తన ముద్ర ఎక్కడుందో వేలితో వెతికింది. మోటరును వెనక్కి పంపిన మనిషి, ఇప్పుడు బంగ్లా ముందు నిలబడి ఏ రీతిగా నోరు విప్పుతుందోనని నేను కొంగు బిగించాను. ఆమె అరవలేదు. ఏట్లో కాళ్ళు కడుక్కుని, "నడువు చెల్లే, అడుగుదం," అంది.

సుమిత్రమ్మ వరండాలో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అంత డబ్బున్న మనిషి తానే రాళ్ళు ఏరుకోవడం చూసి నాకు కొంచెం మర్యాద పుట్టింది.

"నన్ను వెనక్కి తోలినదానివి నువ్వే కదా," అంది ముందుగా.

"అవు తల్లి. ఇప్పుడు నన్ను మీరు తోలిండ్రు. ఆ పాత ఇల్లు నేను కొన్న."

"కాయితం ఉన్నదా?"

"ముద్ర ఉండె. మీ సున్నం కిందున్నది."

సుమిత్రమ్మ నవ్వలేదు. "గొర్రెల ముద్ర కచేరీలో చెల్లదు రుక్కమ్మా. ఉన్నమాట చెప్తున్న, నాకు కూడా కాయితం ఇంకా కాలేదు. బయానా ఇచ్చిన, ఉగాది వెళ్ళాక రాయిస్త అన్నడు. ఎంతకు కొన్నవు నువ్వు?"

"గది సెప్పరాదు తల్లి."

"చెప్పకపోతే నేనెట్ల నమ్మాలె?"

"గొంగడి కింద మాట."

సుమిత్రమ్మ చాట పక్కన పెట్టింది. "నేను దొంగదాన్ని కాను. హనుమంతు వచ్చి నీదని అంటే తాళం తీపిస్త. నాదని అంటే నువ్వు మళ్ళీ రావొద్దు. ఆయన చెప్పేదాక నేను రాయించుకోను."

న్యాయంగానే మాట్లాడింది. అందుకే నాకు భయం వేసింది. అన్యాయంగా మాట్లాడితే నేనైనా నాలుగు అనేదాన్ని. ఇప్పుడంతా హనుమంతు నోట్లో ఉంది. నాలుగు రోజుల్లో బీరప్ప గుట్ట దిగుతాడు. దిగి ఎక్కడ పడుకుంటాడు?

మర్నాడు పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాము. దారంతా రుక్కమ్మ కిటికీలోంచి పొలాలు చూస్తూ, ఎవరి పొలంలో మంద పడిందో, ఎవరి పొలంలో పడలేదో చెప్పుకుంటూ వచ్చింది. ధారూరు దాటాక నేను, "హనుమంతు కాదంటే ఏం చేస్తవే?" అని అడిగాను.

"మంద సగం పోయింది. మిగిలిన సగం అమ్మి ఇంకోటి కొనాలె. గొర్లు లేకుంట ఇల్లేం జేస్కోను, ఇల్లు లేకుంట మనిషి దక్కడు."



వికారాబాదు స్టేషను ప్లాట్‌ఫారం చివర అల్లుడి దుకాణం. నాలుగు కర్రలు, పైన చిరిగిన తాటిపత్రి గుడ్డ. హనుమంతు గ్లాసులు కడుగుతున్నాడు. రుక్కమ్మ భుజం మీది గొంగడి చూశాడు, మళ్ళీ గ్లాసులోకి చూశాడు.

"సావుకారమ్మ రెండిండ్లనుకున్నది," అన్నాడు, మేము అడగకముందే. "నేను అవు అన్లె, కాదు అన్లె."

"నోట్ల బెల్లం పెట్టుకున్నవా?" అన్నాను.

"అడిగితే సెప్తుంటి రాహేలమ్మా. ఆమె అడగలె."

"ఆమెకేం కలొస్తదా అడిగెటందుకు?"

"రేకుల కప్పు గావాలె దుకాణానికి. వానాకాలం వస్తున్నది. ఆమె ఎక్కువిస్తనన్నది." పైన చిరుగుల్లోంచి పడుతున్న ఎండను చూపించాడు. పాపం, అది కూడా నిజమే. కప్పు లేనిది రుక్కమ్మకొక్కదానికే కాదు.

రుక్కమ్మ దుకాణం ముందున్న బల్ల మీద కూర్చుని గొంగడి పరిచింది. కిందికి తన చెయ్యి పోనిచ్చింది.

"సెయ్యి పెట్టన్నా. నీ మాట మారితె ఈడనే సెప్పు. నోటితోని సెప్పకు."

హనుమంతు చేతులు తుడుచుకున్నాడు. తుడుచుకున్నవే మళ్ళీ తుడుచుకున్నాడు. అప్పుడే బీదరు బండికి ఇంజను తగిలిస్తున్నారు, ప్లాట్‌ఫారమంతా ఆవిరి. అతను వచ్చి కూర్చుని గొంగడి కింద చెయ్యి పెట్టాడు. నేను గొంగడినే చూస్తున్నాను. ఒక్క మడత కదలలేదు. ఎంతసేపో తెలియదు. బీదరు బండి కూత వేసి కదిలింది. హనుమంతు చెయ్యి తీసుకుని లేచాడు.

"సాయ తాగుండ్రి," అన్నాడు. "తాగి కచేరీకి పోదం."

ఏం ఒత్తావే అని రుక్కమ్మను తర్వాత అడిగాను. "ఏం ఒత్తలె. సెయ్యి పట్టుకున్న, గంతే. పగ్గం పట్టిన సెయ్యి అది. అబద్ధం సెప్పెటోని ఏళ్లు సల్లగుంటయి. ఆయినెయి ఎచ్చగున్నయి," అంది.

రిజిస్ట్రీ కచేరీ ముందు వేపచెట్టు కింద దస్తావేజులు రాసే ముసలి సాహెబు కూర్చునేవాడు. ఇంటి హద్దులన్నీ ఉర్దూలో చకచకా రాశాడు. "కిమ్మతు ఎంత?" అన్నాడు.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ధర అమ్మా, ధర. ఎంతకు అమ్మిండు, ఎంతకు కొన్నవు?"

హనుమంతు చెట్టు కొమ్మల వైపు చూశాడు. రుక్కమ్మ గొంగడి విప్పి సాహెబు ముందు పట్టుకుంది. "సెయ్యి పెట్టు సాహెబూ."

"తోబా!" అన్నాడు సాహెబు. కళ్ళద్దాలు తీసి ఆమెను చూశాడు, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "ముప్పై ఏండ్ల సంది రాస్తున్న. కంబళి కింద ధర అడుగుడు గిదే మొదలు." అయినా పెట్టాడు. వేళ్ళు ఒత్తించుకున్నాడు, తల పంకించాడు, రాశాడు. చివరికి కాగితం పైకి చదివి వినిపించాలి కదా. అన్నీ చదివి ధర దగ్గరికి వచ్చేసరికి గట్టిగా దగ్గి, ముందుకు దాటేశాడు. పెద్దమనిషి.

"ఎవరి పేర రాయాలె?"

"నా పేర."

"పెనిమిటి లేడా?"

"ఉన్నడు. ఆయినకు నేల గావాలె సాహెబూ, పేరు గాదు."

రుక్కమ్మ వేలిముద్ర వేసింది. సాక్షిగా నేను సంతకం చేశాను. ఆ ఉర్దూ గీతల మధ్య నా పేరు తెలుగులో గుండ్రంగా నిలబడింది. "అచ్చరాలు మస్తు పెద్దగున్నయి," అన్నాడు సాహెబు. పేరు పెద్దది అన్నాను. ధర ఎంతో ఆ కాగితం మీదే ఉంది, నా కళ్ళ ముందే ఉంది. ఉర్దూ రాక నా మూడు తరగతులూ అక్కడ పనికి రాలేదు. ఇప్పటికీ నాకు తెలియదు.

సుమిత్రమ్మ కాగితం చదివించుకుంది. తాళంచెవి ఇచ్చింది. బస్తాలు, చెక్కలు ఆ సాయంత్రమే తీయించింది. పోయేటప్పుడు మాత్రం, "ఆ పొట్టేలును మా గేటు దిక్కు రానియ్యకు," అంది.

"రానియ్య తల్లీ. మీరు దీపం జర కప్పి పెట్టుండ్రి," అంది రుక్కమ్మ.

బీరప్పను టాంగాలో తెచ్చింది. పొడుగాటి మనిషి, తలుపు దగ్గర వంగి లోపలికి వచ్చాడు. కప్పు బండలను చేత్తో తాకి చూశాడు. "నెత్తి మీద బరువు పెట్టుకోని ఎట్ల పండాలె?" అన్నాడు. ఆ మొదటి నాడే గొంగడి తీసుకుని అరుగు మీదికి పోయాడు. రుక్కమ్మ పోయి లాక్కొచ్చింది. మర్నాడూ అంతే. ఆయనకు ఇంట్లో ఊపిరాడదట. ఆమె తిట్టేది, ఆయన వినేవాడు, లోపలికి పోయేవాడు, ఆమె అటు తిరగగానే మళ్ళీ అరుగు మీదికి.

మృగశిర వానలు గట్టిగా పడ్డాయి. నాలుగో రోజు పక్కింట్లో నీలం బండల అతుకుల్లోంచి నీళ్ళు ఊరాయి. కందిపప్పు బస్తాల అడుగులు తడిసి, మిల్లు హమాలీలు పరుగెత్తుకొచ్చి మోసుకుపోయారు. నేను రుక్కమ్మ ఇంటికి పోయి పొయ్యి పక్కన నేల మీద చెయ్యి పెట్టాను. ఎండిన జొన్నరొట్టెలాగా ఉంది నేల. బీరప్ప దాని మీద కాళ్ళు చాపుకుని ఉన్ని వడుకుతున్నాడు. దగ్గు వినిపించలేదు. నెలకోసారి రైలెక్కి దవాఖానకు పోయి వచ్చేవాడు. బరువు పెరిగాడని డాక్టరు మెచ్చుకున్నాడట.

మళ్ళీ కార్తికం వచ్చింది. భీమప్ప మందను ఏటి అవతల నిలిపి కబురు పంపాడు. ఆరు నెలలు. రుక్కమ్మ పోక తప్పదు. బీరప్ప కూడా లేచి కర్ర తీసుకున్నాడు. ఆయన చేతిలోంచి ఆమె కర్ర గుంజుకుంది. ఆ కర్ర తీసుకునే మా ఇంటికి వచ్చింది. నేను రొట్టెలు చేస్తున్నాను. పీట వేశాను. కూర్చోలేదు.

"చెల్లే, నీకు నోరున్నదని వాడంత అంటరు."

"ఎవరన్నరు?" అన్నాను.

"అందరు. నేను మెచ్చుకుంటనే అంటున్న, కోపం జేయకు. నా తిట్లు ఆయినకు అలవాటైనయి, చెవులకెక్కుతలెవ్వు. కొత్త నోరు గావాలె." కర్రను మా తలుపు వెనక నిలబెట్టింది, ఆయనకు దొరకకుండా. "రోజు పొద్దుగూకంగ ఒకపారి పోయి సూడు. అరుగు మీద గొంగడి పరిసి ఉంటె తిట్టు. లోపలికి పోయి పొయ్యి పక్క పండేదాక తిట్టు. జాలి పడకు. నేనొచ్చేదాక నా మొగన్ని జర తిట్టిపెట్టు."